అద్దం వెనక ఎండ

లెంబాంగ్,
జనవరి 19, 2023

ప్రియమైన ఇమాస్‌కు,

అస్సలాము అలైకుం. గారుత్‌లో నువ్వూ అత్తమ్మా క్షేమమని తలుస్తాను. ఇక్కడ వాన వదలడం లేదు. మేమూ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మన పెంపుడు ఊసరవెల్లికి మళ్లీ ఎందుకు జబ్బు చేసిందని ఫోన్‌లో రోజూ అడుగుతున్నావు. నీ గొంతు వింటూ చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను.

అదిక కొమ్మ పట్టుకోలేదు. ముందు కాళ్లు వంగిపోయాయి, దవడ మెత్తబడింది. కీచురాయిని చూసి నాలుక చాపుతుంది గాని అందుకోలేదు. నిన్న బాండుంగ్ తీసుకెళ్లి డాక్టరమ్మకు చూపించాను. ఈ కాళ్లు ఇక తిన్నగా కావండీ, ఉన్నన్నాళ్లు నోట్లో మందు చుక్కలు వెయ్యండి, అంది.

నువ్వు వెళ్లేనాటికే, ఎండకు బదులు దాని పంజరంలో వెలిగించే దీపానికి ఆరు నెలలు నిండాయి. వెలుగుతున్నా అందులో సత్తువ ఉండదు, కొత్తది పెట్టమని చెప్పి మరీ వెళ్లావు. నేనేమో పిట్టలు పెంచేవాణ్ణి. పొద్దున్నే పంజరాలు ఎండకు వేలాడదీసే ఊళ్లో దీపమెందుకనుకున్నాను. పక్కింటి ఓజో మామ కూడా, దేవుడు ఊరికే ఇచ్చేదానికి కరెంటు కాలుస్తావేంట్రా, నా పిట్టకి ఆ గొంతు ఎండ తాగే గదా వచ్చింది, అన్నాడు. తీరా బయట కడితే పిల్లి దాని చుట్టూ తిరగడం మరిగింది. అందుకని పంజరం లోపల, కిటికీ అద్దం వెనక పెట్టాను. అక్కడా ఎండ పడుతోంది, వెచ్చగానే ఉంది. కీచురాళ్లను కాల్షియం పొడిలో దొర్లించి పెట్టడం ఒక్క పూట మానలేదు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. అద్దంలోంచి వేడి వస్తుంది గాని ఎముకకు కావలసిన కిరణం రాదండీ, అది లేకపోతే మీరు బస్తాడు పొడి పెట్టినా ఒంటికి పట్టదు, అంది. అన్నాళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది.

అత్తమ్మ దగ్గరికి కాపురం మారుద్దామని ఒప్పుకుని నేను మాట మార్చిన రోజున, పంజరంలో ఉన్నది కాదు, అసలు ఊసరవెల్లివి నువ్వే, అని వెళ్లిపోయావు. అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు దాన్ని నాతో పోల్చడం దానికే అన్యాయమనిపిస్తోంది.

తెలియక చేసిన తప్పు, ఇమాస్. నాకోసం రావద్దు. ఒక్కసారి వచ్చి దాన్ని చూసి వెళ్లు. నీ చేతి మీదైతే ఇంకా నాలుగడుగులు వేస్తుందేమో.

నీ రాక కోసం చూసే,
యయత్

తా.క.: తెలియక అని రాశాను. అబద్ధం. అద్దం సంగతి డాక్టరమ్మ నవంబరులోనే చెప్పింది. ఆ రోజే పంజరం బయట కట్టి, పిల్లి రాకుండా పక్కనే కూర్చున్నాను. అంతకు ముందు రెండు నెలలు ఉలుకూ పలుకూ లేనిదానివి, దానికి జబ్బని వినగానే రోజూ ఫోన్ చేశావు. ఎనిమిదో రోజుకు అది తేరుకుంది. ఆ మాట సంతోషంగా నీకు చెప్పాను. మర్నాటి నుంచి నీ ఫోన్ ఆగిపోయింది. పదో రోజున నేనే దాన్ని మళ్లీ అద్దం వెనక పెట్టాను. నెల తిరగకుండా జబ్బు తిరగబెట్టింది. నువ్వు మళ్లీ ఫోన్ చేశావు.