రెండోసారి గడప బయట

రామన్నపేట,
శుక్రవారం పొద్దున.

నిహారికా, నిన్ను పదిమందిలో పాపివని చాటిన నోటితో నేను మళ్లీ హరినామం చెప్పవచ్చా? నువ్వే చెప్పు బిడ్డా.

ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ మామయ్యా తింటున్నాం, తిరుగుతున్నాం. క్షేమమని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. హాలియాలో మీ అమ్మానాన్నలు బాగున్నారని తలుస్తాను. కాలువకు నీళ్లొచ్చి మీ నాట్లు పడ్డాయని రాశావు, సంతోషం.

"ఏ పురాణంల రాసున్నది అత్తమ్మా, నేను పాపిదాన్నని?" అని అడిగావు. ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు. ముట్టులో ఉన్న ఇల్లాలిని నిండు సభకు ఈడ్చుకొచ్చిన కథ ఒకటి ఉంది. భజనలో మైకు పట్టి అది చెప్పినప్పుడల్లా ఈడ్చినవాణ్ణి ఊగిపోతూ తిట్టేదాన్ని. ఆ ఏకాదశినాడు నేను చేసిందీ అదే.

ముట్టయినవాళ్లు భజనకొస్తే గడప బయట కూర్చోవడం మన దగ్గర రివాజు. దాంతో ఎవరి నెల ఎప్పుడో వాడకంతా తెలుస్తుంది. రెండు వారాలు తిరక్కుండానే నువ్వు మళ్లీ బయట కూర్చున్నావు. పక్కింటి కౌసల్య ఊరుకుంటుందా? "ఏందే సావిత్రమ్మా, నీ కోడలు మల్ల బయటనే! మీ ఇంట్ల క్యాలెండర్ జర ఉరుకుతున్నదా?" అంది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అంతకుముందే నీ దిండు కింద గోలీ ఖాళీ అట్ట చూసి ఉన్నాను. "కడుపు తీయించుకున్నదానికి భగవంతుడు చూపిన గుర్తు ఇది!" అని మైకులో అరిచాను. నువ్వు చెప్పులు కూడా వేసుకోకుండా లేచి వెళ్లిపోయావు.

నీ ఉత్తరం, ఆ ఖాళీ అట్ట పట్టుకుని నిన్న దవాఖానకు పోయాను. డాక్టరమ్మ తాహేరా చెప్పింది: "గా గోలీ కడుపు తీసేది కాదమ్మా, కడుపు నిలువకుంట ఆపేది. ఏసుకున్నంక నడుమ రక్తం కనపడొచ్చు, నెల ముందటికో ఎనుకకో జరగొచ్చు. నువ్వు పురాణం చెప్పు, డాక్టరీ నాకిడిసిపెట్టు." అంటూ నవ్వింది. నేను తల దించుకున్నాను.

విజేందర్ ఎందుకు మాట్లాడటం లేదని అడిగావు. దీనికి జవాబు ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. వాడు కొలువు చేసే కొల్లాపూర్‌కు ఫోన్ చేసి, నీ పెళ్లాం కడుపు తీయించుకుందని వాడికి నేనే చెప్పాను. "గోలీ తెచ్చింది నేనే అమ్మా. ఆమె పరీక్ష రాసేదాంక పిల్లలొద్దని ఇద్దరం అనుకున్నం. అంటే నేనే సంపినట్టా?" అని ఏడ్చాడు. "అవు" అన్నాను. కన్నకొడుకుతో అన్నాను నిహారికా. వాడికి నీ మీద కోపం లేదు, నీకు ముఖం చూపలేకపోయాడు. నిన్న సాయంత్రం వాడికి నిజం చెప్పాను. వినగానే ఫోన్ పెట్టేశాడు.

నన్ను క్షమించమని అడగను. అడిగే సమయం కూడా కాదిది. ఆ నడుమ రక్తాన్నే నెల అనుకున్నానని, మూడు రోజులుగా పొత్తికడుపులో కుడిపక్క పోటుగా ఉందని రాశావు. డాక్టరమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. "గా రక్తం నెల కాదు. అసలు నెల రావాల్సిన తేదీ దాటి వారమైతే కడుపు పరీక్ష చేయించాలె. పోటున్నదంటే కడుపు గర్భసంచిల కాకుంట పక్క నాళంల నిలిచిందేమో, పానానికే ముప్పు, ఒక్క పూట ఆగొద్దు" అంది. ఆ ఏకాదశి పోయే నెల దాటింది, నీ తేదీ ఎప్పుడో దాటింది బిడ్డా.

నువ్వూ మీ ఇంటివాళ్లూ నా ఫోన్ ఎత్తరు, నిన్న సాయంత్రం బస్సు దొరకలేదు; అందుకే ఈ ఉత్తరమిచ్చి మీ మామయ్యను మొదటి బస్సుకే పంపుతున్నాను. ఇది చదవగానే మీ అమ్మను తీసుకుని దవాఖానకు పో. గోలీ సంగతి, రక్తం సంగతి, పోటు సంగతి దాచకుండా చెప్పు. వంట తర్వాత, సిగ్గు తర్వాత, నా మీద కోపం తర్వాత. ఇవాళే పో, ఇప్పుడే లే.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని అత్తమ్మ
సావిత్రమ్మ