వెన్ను గడి

మార్చి 4

ప్రసూతి వార్డులో నా ఉద్యోగానికి నెల నిండింది. హెచ్ఐవీకి కొత్త టాబ్లెట్ వాడుతున్న తల్లులకు బిడ్డ పుట్టగానే హెడ్ సిస్టర్ ఆ బిడ్డను బోర్లా తిప్పి, మెడ దగ్గర్నుంచి కిందిదాకా వేలితో తడుముతుంది. వెన్ను సరిగా మూసుకుందో లేదో చూస్తుంది. నేను రిజిస్టర్లో రాస్తాను. ఇవాళ ముగ్గురు. పుట్టి పది నిమిషాలు కాని మనిషి వీపు మీద అంత సన్నటి నూగు ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నన్స్ నడిపే స్కూల్లో చదివానని నర్సులు నన్ను కాన్వెంట్ అని పిలుస్తున్నారు. నోరు విప్పడానికి కూడా పర్మిషన్ లెటర్ కావాలా అని నవ్వుతారు.

మార్చి 11

ఈ మందు మీద స్టడీ చేస్తున్న డాక్టర్ గారు అందరినీ పిలిచి చెప్పారు. వేరే చోట ఈ టాబ్లెట్ వాడిన ఐదు వందల మంది తల్లుల్లో నలుగురి బిడ్డలకు వెన్ను మూసుకోలేదట. మామూలుగా వెయ్యికి ఒక్కరు. మందు వల్లేనా, కాకతాళీయమా, ఇంకా ఎవరికీ తెలియదన్నారు. ఐదు వందలంటే చిన్న లెక్క, మన లెక్కలు కూడా కలిస్తే కొంత తేలుతుంది అన్నారు.

అక్క వాడేది ఆ టాబ్లెట్టే. ఆ సంగతి బావకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పాత మందుతో రెండేళ్లు పీడకలలు. కొత్తది వచ్చాకే మళ్లీ మనిషయింది.

మార్చి 12

పాత రిజిస్టర్లు తిరగేశాను. మూడు వందల పద్దెనిమిది మంది బిడ్డలకు వెన్ను గడి ఖాళీ.

హెడ్ సిస్టర్ని అడిగాను. బాగుంటే రాసేదేముంది తల్లీ, తేడా ఉంటేనే కదా రాస్తాం అంది. డాక్టర్ గారు తల పట్టుకున్నారు. ఖాళీని బాగుంది అని లెక్కవేయడానికి వీల్లేదట. అసలు ఎవరైనా చూశారో లేదో ఆ గడి చెప్పదు. తేడాలన్నీ రాసి బాగున్నవాళ్లను వదిలేస్తే ఏ మందైనా రాక్షసిలాగే కనిపిస్తుంది.

స్కూల్లో గీత ఖాళీగా వదిలితే వేళ్ల మీద స్కేలుతో కొట్టిన మదర్‌ని ఇవాళ క్షమించాను.

మార్చి 13, ఉదయం 7:30

అక్కకు గర్భం, చివరి నెలసరి లెక్కన తొమ్మిదో వారం. ఆరు రోజులుగా టాబ్లెట్ మింగడం లేదు.

మార్చి 13, సాయంత్రం 6

ఫోన్లో ఎవరో పంపిన వార్త చూసి మానేసిందట. డాక్టర్ గారి గది తలుపు తట్టాను. నా అంతట నేను తట్టడం ఇదే మొదటిసారి.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. వెన్ను మొదట ఒక పలచటి రేకు. దాని రెండు అంచులూ పైకి లేచి, ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుంటాయి. గర్భం నిలిచిన నాలుగు వారాలకల్లా అంతా అయిపోతుంది. అప్పటికి బిడ్డ బియ్యపు గింజంత కూడా ఉండదు. నెల తప్పిందేమో అని తల్లికి అనుమానం వచ్చేది అప్పుడప్పుడే.

కాబట్టి ఇప్పుడు మందు మానేసి వెన్నును కాపాడేదేమీ లేదు. మానేస్తే బిడ్డకు వైరస్ సోకే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

లెక్క వేశాను. ఫిబ్రవరి ఇరవై ప్రాంతంలో మూసుకుని ఉండాలి. డైరీలో ఆ పేజీ తీశాను. గొడుగు కమ్మీ విరిగింది, బస్సులో సీటు దొరకలేదు అని రాసుకున్నాను. రెండు వీధుల అవతల, అక్క బట్టలు మడతపెడుతూ ఉన్నప్పుడో ఎప్పుడో, అంత పని జరిగింది.

మార్చి 14

నీకు పుస్తకాలు తెలుసు, కడుపు గురించి ఏం తెలుసే అంది అక్క. నిజమే. అయినా పావుగంట ఆపకుండా మాట్లాడాను. బావ కంచంలో చేయి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఈ పిల్లకు మాటలొచ్చా అన్నాడు చివరికి.

అంటే మంచో చెడో, అది ఎప్పుడో జరిగిపోయిందా అని అడిగింది అక్క. అవునన్నాను. లేచి టాబ్లెట్ల డబ్బా తెచ్చుకుంది. తర్వాత నీళ్లడిగింది.

మార్చి 18

ఖాళీ గడుల తల్లులకు ఫోన్లు. చేసేది నేను. జబ్బు పేరు, మందు పేరు ఎత్తకూడదు. తల్లితో తప్ప మాట్లాడకూడదు. ఒక్కసారి బిడ్డ చొక్కా తీసి వీపు చూసి చెబుతారా అండీ అనాలి.

మొదటి ఫోన్ అవతల హలో అనగానే పెట్టేశాను. వాళ్లే తిరిగి చేశారు.

మార్చి 27

నూట నలభై అయ్యాయి. ఇన్నాళ్లకు గుర్తొచ్చామా అని తిట్టేవాళ్లు తిట్టాక చూస్తున్నారు. బట్టల చప్పుడు, బిడ్డ కిలకిల, చక్కిలిగింతలు పెట్టకే అని వెనక ఎవరో ముసలావిడ. కుడివైపు పుట్టుమచ్చ ఉంది, అది కూడా రాస్తారా అని ఒకావిడ. రాశాను.

చూసినవాళ్లంతా ఫోన్ పెట్టకుండా ఇంకోసారి చూస్తారు. రోజూ స్నానం చేయించే వీపును మొదటిసారి చూస్తున్నట్టు.

ఏప్రిల్ 9

బాబు జ్వరంతో పోయాడమ్మా, వీపు మాత్రం నున్నగా ఉండేది, రాసుకో అంది ఫోన్లో ఒక తల్లి. రాసుకున్నాను.

మే 30

అక్క రక్తంలో వైరస్ మళ్లీ కనిపించనంత తగ్గింది. స్కాన్‌లో వెన్ను వరుసగా, తెల్లగా కనిపించింది. స్కాన్ కూడా ఒక్కోసారి పొరబడుతుందని నాకు తెలుసు. అక్కకు చెప్పలేదు.

జూలై 22

రెండు వందల ఎనభై ఒక్కరు దొరికారు. అందరినీ పిలిపించి హెడ్ సిస్టర్ స్వయంగా తడిమింది. బాగుంది, రాసుకో కాన్వెంట్ అని ప్రతిసారీ వార్డంతా వినపడేలా అరిచింది. నడక వచ్చిన పిల్లలు చేతికి దొరక్క పరుగెత్తారు. పోయిన ఆ బాబు గడిలో తల్లి మాట అని విడిగా రాశాం. దొరకని వాళ్లవి ఖాళీగానే ఉన్నాయి.

అన్ని ఆసుపత్రులవీ కలిపితే నాలుగు వేల మంది తల్లులు. వెన్ను మూసుకోని బిడ్డలు ఆరుగురు. ప్రమాదం అసలు లేదని ఇప్పుడే అనలేం, చూస్తూనే ఉండాలి, కానీ మొదట భయపడ్డంత లేదు అన్నారు డాక్టర్ గారు. ఆ లెక్కల కాగితం చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. నాలుగు వేల వీపులు. ఒక్కొక్కదాని మీదా ఎవరిదో ఒక వేలు.

అక్టోబర్ 14

అక్కకు పాప. సొంతవాళ్లు రాయకూడదని పెన్ను తీసేసుకున్నారు. బోర్లా పడుకోబెట్టారు. నేనూ తడిమాను, మెడ దగ్గర్నుంచి కిందిదాకా. మూసుకుంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది. ముఖం చూడనేలేదు.