చీలలు తీసేవాడు

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. కర్నూలులో కూల్చేసిన పాత ఇళ్ల టేకు దూలాలు తెచ్చి, మన కాలనీలో నువ్వు కట్టిన చెక్క చావడిని తీసేయడానికి పొద్దున్నే బుల్డోజరు వచ్చింది. అక్కడ సిమెంటు భవనం కడతారట.

రేకుల ఇళ్లల్లో ఉడికిపోయే ఆడవాళ్లంతా మధ్యాహ్నాలు కూర్చునేది ఆ చావడిలోనే. కొడుకు పోయాక మాట మానేసిన ఖాసింబీ మళ్లీ నోరు విప్పిందీ అక్కడే. ఆమె వెళ్లి స్తంభాన్ని వాటేసుకుంది.

"ఇది పోతే మేం యాడ కూచోవాల నాయనా?"

నేను బుల్డోజరు వెంట వచ్చిన ఆఫీసరు కాళ్లు పట్టుకున్నాను. "దీంట్లో ఒక్క మేకు గూడా లేదు సార్, అంతా చెక్క చీలలే. పగలగొట్టొద్దు. మేమే విప్పుకొని ఇంకోచోట నిలబెట్టుకుంటాం."

"సాయంత్రం దాకా చూస్తా," అన్నాడాయన.

ఆడవాళ్లమే నిచ్చెనలు వేసుకుని ఎక్కాం. ఏ చీల ముందు తీయాలో తెలియక ఒకటి కొడితే దూలం నిలువునా చీలిపోయింది. ఆపైన ఎవరికీ చేతులు ఆడలేదు.

ఆఫీసరుకే జాలేసినట్టుంది. "ఇది ఇప్పడం తెలిసినోళ్లు ఎవరూ లేరామ్మా?"

"మా అన్నకు తెలుసు సార్."

"అయితే పిలిపించు. రేపు పొద్దున దాకా ఆగుతా."

నువ్వు లేవని చెప్పలేక తల ఊపానన్నా.