పాలపిట్ట వాలే తీగ

కేసముద్రం
దసరా ముందు ఆదివారం, రాత్రి

పొద్దున బడి పిల్లలకు పిట్టల్ని చూపించడానికి పత్తి చేన్ల దాకా తీసుకెళ్లాను. మాట్లాడకుండా కూర్చోవడం వాళ్లకు ఇప్పుడు బాగానే వచ్చింది. బోరు పక్కన కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంది. పురుగు కోసం కిందికి దూకి, మళ్లీ అదే తీగ మీద వాలింది. రెక్కల్లోని నీలం చూసి పిల్లలంతా నోళ్లు తెరిచారు.

"ఎటు పోయినా అక్కడికే వస్తుంది, చూడండి" అన్నాను.

ఐదో తరగతి శ్రావణి తలూపింది. "నాకెర్కే టీచర్. మొన్ననే మా మామకు గీ తీగ సూపెట్టిన. జిగురు పుల్లలు జేస్తాండు. పట్టి పంజరంల పెట్టి, దసర నాడు ఇంటింటికి తిప్పుతడట. పాలపిట్టను సూస్తె అందరికి మంచిగైతది గద!"

"పట్టొద్దని చెప్పు బిడ్డా" అన్నాను. దాని ముఖం చిన్నబోయింది.

సాయంత్రం ఆ మామే మా గుమ్మం ముందుకొచ్చాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. నవ్వుతూ దండం పెట్టాడు.

"మా పొల్లకు మంచిగ నేర్పిన్రు టీచరమ్మా. నాకు ఇన్నేండ్ల సంది దొరకని జాగలు చెప్తాంది. గుట్ట కాడ గూడ ఉన్నయట."

పట్టడం నేరమన్నాను. "ఫికర్ జెయ్యకుండ్రి, పండుగ కాంగనే ఇడ్సిపెడ్తం" అన్నాడు.

పోయినేడు అలా విడిచిపెట్టిన పిట్టను మా వీధిలోనే చూశాను. రెక్కలు కత్తిరించి ఉన్నాయి. మోరీ కాలువ పక్కన నడుచుకుంటూ పోయింది.

వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లకుండా ఉండగలను. కానీ తరగతి మొత్తానికి ఇప్పుడు చూడటం వచ్చేసింది.