లోపలి మేస్త్రీలు

ఆదివారం, మానుకోట

ఈ రోజు జరిగిన ఘోరాన్ని గంభీరంగా నమోదు చేస్తున్నాను. నా శాస్త్రంతో నన్నే కొట్టిన మహానుభావుడు మా బాపు.

మిరపచేన్లో బకెట్‌లో పురుగుమందు పోసి, వట్టి చెయ్యి మోచేతి దాకా ముంచి కలుపుతున్నాడు. ల్యాబ్ నుంచి నేను తెచ్చిచ్చిన గ్లౌజులు ప్యాకెట్ కూడా విప్పకుండా గట్టు మీద ఉన్నాయి.

"బాపూ, చెయ్యి తియ్యి! డీఎన్ఏ తెగుతది, క్యాన్సరొస్తది."

"నువ్వే జెప్తివి గద బిడ్డా, తెగింది అతికే మేస్త్రీలు లోపట ఉంటరని. ఆళ్లకు పని వద్దా?"

పక్క చేను మల్లయ్య పడీ పడీ నవ్వాడు. "గట్ల అడుగు బావా!"

ఒళ్లు మండిపోయింది. నా పరిశోధనకు నెత్తురివ్వడానికి భయపడే రైతులను నవ్వించాలని పోయిన నెల నేనే చెప్పిన ముచ్చట అది. ఆ మేస్త్రీలూ అలిసిపోతారని, తప్పుగా అతికిస్తారని, క్యాన్సర్ అక్కడే మొదలవుతుందని చెప్పలేదు. చెబితే నవ్వరుగా! ఎంత తెలివి నాది!

ఊళ్లో పురుగుమందు కొట్టే అందరి నెత్తురూ పరీక్షించాను, బాపుది తప్ప. డీఎన్ఏ ఎంత తెగితే, మైక్రోస్కోప్ కింద ఆ తెగిన ముక్కలు తోకచుక్క తోకలా అంత పొడుగ్గా సాగి కనబడతాయి.

సాయంత్రం బాపే చెయ్యి చాపాడు. "నాదెప్పుడు తీస్తవ్?"

సూదులు అయిపోయాయని అరిచాను. సంచిలో డబ్బా నిండా ఉన్నాయి.