అడ్డుగోడ అర్జీ

బావగారికి నమస్కారాలు.

మా పేట దగ్గర సముద్రానికి అడ్డుగోడ అక్కర్లేదంటూ మీ శాఖ పంపిన జవాబు చూశాను. ముంపు ఖాయమని ప్రపంచ శాస్త్రవేత్తల నివేదికే చెప్పలేదని రాశారు. ఆ నివేదిక రాసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. మేం ఖాయమనే రాశాం. అన్ని దేశాలూ ఒప్పుకుంటేనే వాక్యం నిలుస్తుందన్న నియమం అడ్డుపెట్టుకుని, దాన్ని 'అవకాశం ఉంది' అని మార్పించింది మన ప్రతినిధిగా వచ్చిన మీరే. తిమ్మిని బమ్మిని చేసి, ఇప్పుడా బమ్మినే సాక్ష్యానికి తెచ్చారు.

నిన్న అక్క ఫోన్ చేసింది. "సముద్రం పక్క ఇల్లు అమ్మేసి గుట్ట మీద కొన్నామే. మీ బావగారు ఒకటే తొందరపెట్టారు" అని మురిసిపోయింది.

ఉత్త అవకాశానికే ఇల్లు మారిపోవాలా బావగారూ?

మీ మరదలు