ఒక్క పరీక్ష ఖరీదు

చిరంజీవి ఐవిన్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ మీ నాన్నా, నేనూ, గొర్రెలూ అందరం కులాసా. అక్కడ ట్రోమ్సోలో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

“ఇన్సులిన్ సూదులు మానేశావట, పిచ్చా నీకు?” అని రాశావు. పిచ్చి కాదురా, అంతా బోర్గిల్ చలవ. మన ఆసుపత్రికి కొత్తగా వచ్చిన నర్సు. ఎండుచేపలా ఉన్న నాకు షుగరేమిటని ఆవిడకు మొదటిరోజే అనుమానం వచ్చింది. జన్యు పరీక్ష చేయిద్దామంటే డాక్టరు “అంత ఖర్చా!” అని నోరు వెళ్ళబెట్టాడు.

“ఈవిడ అయిదేళ్ళుగా వాడిన ఇన్సులిన్, సూదులు లెక్కేశావా డాక్టర్? పరీక్ష ఒక్కసారే. జన్యువులో తేడా ఎక్కడుందో తెలిస్తే, ఇంట్లో మిగతావాళ్ళకి ఆ ఒక్కచోటే చూస్తే సరి, చవకలో పోతుంది. ఊరందరికీ చెయ్యమన్నానా? ఇలాంటి ఇళ్ళకి చెయ్యమంటున్నా,” అంది. అబ్బ, ఏం మనిషిరా! లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

నాది కన్నవాళ్ళ నుంచి బిడ్డలకు దిగే రకమని తేలింది. ఇప్పుడు పొద్దున్నే ఒక చిన్న మాత్ర, అంతే. “ఫ్రిజ్‌లో చోటు మిగిలింది, ఇంకో చీజు దిమ్మ కొననా?” అని మీ నాన్న వేళాకోళం.

“మనకంటే ముందు వంశంలో ఎవరికీ లేదు కదమ్మా?” అనీ అడిగావు. దానికే ఈ ఉత్తరం. ఫోనులో అయితే నువ్వు “పోనీలే” అంటావు, నేను ఊరుకుంటాను.

పరీక్షకు ముందే బోర్గిల్ మన ఊరి పుట్టుకలూ చావులూ అచ్చువేసిన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. “మీ నాన్న, మేనత్త, తాత, ముగ్గురూ యాభై దాటలేదు. అందరికీ గుండెపోటేనా?” అని నన్ను అడిగింది. కాదురా. ముగ్గురికీ షుగరే. బయటపడితే మా అన్నల్ని ఏ చేపల పడవలోనూ పనికి పెట్టుకోరని, మా అమ్మ గుండె అనే చెప్పమంది. నీ పద్నాలుగో ఏట నీకు షుగరు బయటపడినప్పుడు డాక్టరు “ఇంట్లో ఎవరికైనా ఉందా?” అని అడిగితే, నీ పక్కనే కూర్చుని “లేదు” అన్నాను. ఆ మాటకి పదకొండేళ్ళు సూదులు పొడుచుకున్నావు. ఇన్సులిన్ మీద ఉన్నావని పడవ ఎక్కనివ్వలేదు, చేపల గోదాములో పెట్టెలు మోస్తున్నావు.

మంగళవారం అక్కడి ఆసుపత్రిలో పరీక్షకు నీకు రక్తం తీస్తారు, బోర్గిల్ వాళ్ళతో మాట్లాడింది. నీదీ ఇదే అయితే మాత్రతో సరిపోవచ్చు, పడవకి మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చు. తేలేదాకా మాత్రం సూది మానకు. ఇంట్లో ఎవరికైనా ఉందా అని మళ్ళీ అడుగుతారు. తాతకు ఉండేది, అమ్మకు ఉంది, అమ్మే దాచింది అని చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ గుద్వై,
షుగరుతో పోయిన ఆమున్ కూతురు.